పెద్దకోడలి ముప్పావు గంట

నాకు ఈర్ష్య ఉందని నేనే ఒప్పుకుంటాను. ఇంకొకరు అంటే మాత్రం ఒప్పుకోను, అన్నవాళ్ళ మొహమ్మీదే తలుపేస్తాను. అందుకే ఈ సంగతి ఎవరో అనకముందు నా అంతట నేనే రాసుకుంటున్నాను. ఇందులో పెద్ద కథేమీ లేదు. ఒక సైకిలు పందెం ఉంది, ఒక తోడికోడలు ఉంది, నేనున్నాను.

రెండువేల అయిదు, ఆరు ప్రాంతాల్లో మేము న్యూజీలాండ్‌లో హట్ వేలీలో ఉండేవాళ్ళం. వెల్లింగ్టన్‌కి రైల్లో అరగంట. మా ఆయన సిటీలో ఒక గవర్నమెంటు ఆఫీసులో ఐటీ కాంట్రాక్టు మీద పనిచేసేవారు. నేను ఇంట్లో ఉండేదాన్ని. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు పోయింది. రెండోసారి రౌండబౌట్ దగ్గర ఎవరికి దారివ్వాలో తేల్చుకోలేక అందరికీ ఇచ్చేశాను. వెనక హారన్లు మోగుతుంటే పక్కన కూర్చున్న ఆఫీసరు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కారు రాని మనిషికి ఆ దేశంలో పాలప్యాకెట్టు కూడా దూరమే. అప్పుడు నాకు సైకిలు గుర్తొచ్చింది.

మాది రేపల్లె వైపు. కాలేజీకి రోజూ కాలవ గట్టు మీద ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కిన దాన్ని. వీధి చివర ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్ముతుంటే ఒక సైకిలు కొనుక్కొచ్చాను. మొదటి రోజే పంజాబీ డ్రెస్సు చున్నీ చెయిన్లో ఇరుక్కుని మా గేటు దగ్గర నిలబడిపోయాను. పక్కింటి పెద్దాయన కంచె అవతలి నుంచి అంతా చూసి, వచ్చి చున్నీ విడదీశారు. తరవాత సీటు ఎత్తు చూసి, "ఇంత కిందికి పెట్టుకుంటే మోకాళ్ళు పోతాయి," అన్నారు. మా స్నేహం అలా మొదలైంది.

ఆయనకి డెబ్భై అయిదు దాటాయి. భార్య పోయింది. వెన్న తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన షెడ్డులో సైకిలు చక్రాలు దండెం మీద బట్టల్లా వేలాడుతుండేవి. ప్రతి ఆదివారం పొద్దున్న నన్ను ఏటిగట్టు దారమ్మట తీసుకెళ్ళేవారు. గేరు ఎప్పుడు మార్చాలో, ఎదురుగాలికి ఎలా వంగాలో, ముందు వెళ్ళేవాళ్ళ వెనక చక్రానికి జానెడు దూరంలో ఎలా తొక్కాలో నేర్పారు. వెనక ఉన్నవాళ్ళకి గాలి తగలదు, సగం కష్టం తగ్గుతుంది. అందుకని వంతులేసుకుని ముందుకొస్తుండాలి. వంతు ఎగ్గొట్టేవాళ్ళని ఆయన అసహ్యించుకునేవారు. తిరిగొచ్చాక నేను పెసరట్టు వేస్తే దాని మీద నారింజ జామ్ రాసుకుని తినేవారు. అది చూడ్డానికి నాకు ఏడాది పట్టింది, అలవాటవడానికి ఇంకో ఏడాది.

తింటూ ఆయన చెప్పేది ఒకటే కథ. యుద్ధం అయిపోయిన కొత్తల్లో, యాభైల మొదట్లో, తను తొక్కిన పెద్ద పందెం గురించి. నూరు మైళ్ళకు పైనే. కొండ అవతలి మైదానాల నుంచి బయలుదేరి, రిముటాకా కొండెక్కి దిగి, వెల్లింగ్టన్ సముద్రం ఒడ్డున ముగిసేది. కొండ మీద సగం దారి కంకరట. టైర్లు దొరక్క ఉన్నవాటికే తను కుట్లు వేసుకునేవారట. ఇంకో టైరు భుజాల చుట్టూ జంధ్యంలా వేసుకుని వెళ్ళేవాళ్ళట. పంక్చరైతే ఎవడిది వాడే బాగుచేసుకోవాలి. ఊళ్ళ దగ్గర ఆడవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి గుడ్డసంచుల్లో రొట్టె, ఉడికించిన గుడ్లు అందించేవాళ్ళట.

నా ఇంగ్లీషు అప్పట్లో అంతంత మాత్రం. ఆయన యాసలో సగం నాకు చేరేది కాదు. చేరిందేమిటంటే, ఆ పందెంలో అందరూ ఒక్కసారే బయలుదేరరు, గుంపులు గుంపులుగా కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. "నేను మొట్టమొదటి గుంపులో బయలుదేరాను, అందరికంటే ముందు గీత దాటాను," అనేవారు. నేను తలూపేదాన్ని. అందులో నాకు అర్థం కానిదేముంది? మన పెళ్ళిళ్ళలో మొదటి బంతికి ఎవరిని కూర్చోబెడతారు? పెద్దవాళ్ళనీ, కావలసినవాళ్ళనీ. ఆఖరి బంతికి మిగిలినవాళ్ళు. ఆ రోజుల్లో ఈయన మొదటి బంతి మనిషన్నమాట అనుకున్నాను. మా పెద్దాయన ఛాంపియన్ అని మా ఆయనతో నాలుగైదుసార్లు గొప్పగా చెప్పాను కూడా.

ఈ లోపల మా మరిదికి పెళ్ళయింది. అతను చదువుకోడానికి వచ్చి, వెల్లింగ్టన్‌లోనే ఉద్యోగం తెచ్చుకుని, మా ఇంట్లోనే ఉండేవాడు. హైదరాబాద్ అమ్మాయిని చేసుకుని తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. యూనివర్సిటీలో ఖో ఖో ఆడిందట. వచ్చిన ఆరు వారాలకి టెస్టింగ్ ఉద్యోగం తెచ్చుకుంది. డ్రైవింగ్ టెస్టు మొదటిసారే పాసైంది. నన్ను "అక్కా, ఎక్కడికైనా వెళ్ళాలంటే చెప్పండి, దింపుతా," అనేది. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పెద్దకోడలిని చిన్నకోడలు దింపడమేమిటి, నేనేమైనా పార్సెలా?

అది పొగరుగా ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఉండదే. గిన్నెలు కడుగుతుంది, పోపుకి ముందు నన్నడుగుతుంది, పండగ పూట నాకంటే ముందు పసుపు ముట్టుకోదు. ఒకరోజు చారు పెట్టింది. మా ఆయన రెండోసారి పోయించుకుని, "ఈ చారు ఎవరు పెట్టారు?" అన్నారు. పన్నెండేళ్ళ కాపురంలో నా చారు గురించి ఎవరు పెట్టారని అడగలేదాయన, నేనే కదా పెట్టేది. ఆ రాత్రి తలనొప్పి అని చెప్పి అన్నం మానేశాను.

ఇవన్నీ భరించాను. భరించలేనిది పెద్దాయన దగ్గర జరిగింది. ఒక ఆదివారం నా తోడికోడలు నిద్రలేచి, "అక్కా, నేనూ రానా?" అంది. రావద్దని ఎలా అంటాను? పెద్దాయన ఇంకో సైకిలు దించారు. మొదటి వారం నా వెనక వచ్చింది. రెండో వారం పక్కన వచ్చింది. మూడో వారం ఏటిగట్టు చివర చెట్టు కింద నీళ్ళు తాగుతూ నాకోసం ఎదురుచూస్తోంది. అంతకంటే కష్టమనిపించింది తరవాత జరిగింది. పెద్దాయన ఏదో అన్నారు, అది ఏదో అంది, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నాకు అర్థం కాలేదు. రెండేళ్ళుగా ఆయన జోకులకి నేను మర్యాదకి నవ్వుతున్నానని ఆయనకి ఆ రోజు తెలిసిపోయుంటుంది. ఆ దేశంలో మా ఆయన వల్ల కాకుండా, నాకై నేను సంపాదించుకున్న మనిషి ఆయనొక్కరే. ఆయన్ని కూడా పంచుకోవాల్సి వచ్చింది.

ఆయన పాత సైకిలు క్లబ్బువాళ్ళు ఏటా మార్చిలో ఒక పందెం పెట్టేవాళ్ళు. ఆనాటి పెద్ద పందెం గుర్తుగా, అదే పద్ధతిలో. కొండ మీద లారీలు ఎక్కువైపోయాయని కొండ దాటించరు, అవతలి మైదానాల్లోనే అరవై కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తారు. ఎవరు ఎన్ని నిమిషాల తేడాతో బయలుదేరాలో నిర్ణయించే పని మా పెద్దాయనది. ఇద్దరూ పాల్గొనండి అని మమ్మల్ని ఎగదోశారు. ఒకరోజు ఏటిగట్టు మీద చేతిగడియారం పట్టుకుని ఇద్దర్నీ విడివిడిగా తొక్కించారు. నేను ప్రాణం పెట్టి తొక్కాను, దిగేటప్పటికి కాళ్ళు నావి కావు. తను దిగి, "అక్కా, కొత్తిమీర అయిపోయింది కదా, వెళ్ళేటప్పుడు తీసుకుందామా?" అంది.

పదిరోజుల తరవాత ఆయన కాగితం తెచ్చారు. నా పేరు మొదటి వరసలో ఉంది, పక్కన నలభై అయిదు అని వేశారు. నా తోడికోడలి పేరు నాలుగో వరసలో ఎక్కడో ఉంది, పక్కన ముప్ఫై. "నువ్వు మొట్టమొదటి గుంపులో వెళ్తావు," అన్నారు పెద్దాయన. నాకు కళ్ళు చెమర్చాయి. ఎంతైనా మొదటి శిష్యురాలిని కదా, ఆ పిల్ల ఎన్ని జోకులేసినా ఎవరిని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసు అనుకున్నాను. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను.

ఊరుకున్నానా? మూలమీది చిల్లరకొట్లో, అక్కడివాళ్ళు దాన్ని డెయిరీ అంటారు, ఫోన్ కార్డు కొని మా అత్తగారికి చేశాను. నన్ను ముందు పంపిస్తున్నారనీ, చిన్నదాన్ని నా తరవాత పావుగంటకి వదులుతారనీ చెప్పాను. "పెద్దదాన్ని ముందు పంపాలని ఆ తెల్లవాళ్ళకి కూడా తెలుసన్నమాట," అంది ఆవిడ. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ శనివారం తెలుగువాళ్ళందరం స్కూలు హాల్లో కలిసి భోంచేశాం. అక్కడ కూడా చెప్పాను. పులిహోర వడ్డిస్తూ ఒకసారి, పెరుగన్నం దగ్గర మరొకసారి. "ఆంటీ, మీరు ఫస్ట్ బ్యాచా, గ్రేట్," అన్నారు చదువుకోడానికొచ్చిన కుర్రాళ్ళు. అందరూ చూడ్డానికి వస్తామన్నారు. నా తోడికోడలు మజ్జిగ తాగుతూ పొలమారి దగ్గింది. నేనే వీపు మీద తట్టాను.

పందేనికి నాలుగు రోజుల ముందు పెసరట్లు పట్టుకుని పెద్దాయన షెడ్డుకి వెళ్ళాను. ఆయన నా సైకిలుకి బ్రేకులు సరిచేస్తున్నారు. "వెనక్కి తిరిగి చూడొద్దు. నీ గుంపుతోనే ఉండు. గాలి మరీ ఎక్కువ కాకపోతే నీ చెల్లెలికి నువ్వు దొరకవు, లెక్క సరిగానే వేశాను," అన్నారు.

"ఏం లెక్క?" అన్నాను.

"తనకంటే నువ్వు నెమ్మది కదా. అందుకే పావుగంట ముందు పంపుతున్నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన బ్రేకు వదిలేసి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళని ముందు వదులుతారు. అందరికంటే వేగంగా తొక్కేవాళ్ళని ఆఖర్న వదులుతారు. కాగితం మీద నా పక్కన వేసిన నలభై అయిదు, ఆ ఆఖరివాళ్ళకంటే నేను ఎన్ని నిమిషాలు ముందు వెళ్ళాలో ఆ లెక్క. లెక్క కుదిరితే అందరూ గీత దగ్గర ఒక్కచోటికి వస్తారు.

"మరి మీరు?" అన్నాను.

"నేనూ అంతే. నాకు యాభై నిమిషాలిచ్చారు."

ఆయన చేతులు తుడుచుకుని బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజు చెప్పినది అంతకుముందెప్పుడూ చెప్పలేదు, లేదా చెప్పినా నాకు చేరలేదు. ఆ పందేనికి రెండు బహుమతులుండేవి. ముందు గీత దాటినవాడికి ఒకటి, తక్కువ సమయంలో తొక్కినవాడికి ఒకటి. మొదటిది ఈయనకొచ్చింది. రెండోది అందరికంటే ఆఖర్న బయలుదేరిన ఒకతనికొచ్చింది. ఈయన గీత దాటి, దుప్పటి కప్పుకుని, టీ తాగుతుండగా అతను వచ్చాడట. జనం ఈయన్ని వదిలేసి అటు పరుగెత్తారట. మర్నాడు పేపర్లో ఫోటో అతనిది. ఈయన పేరు కింద, చిన్న అక్షరాల్లో.

"గెలిచింది నేను. గుర్తున్నది అతను," అన్నారు పెద్దాయన. "ఇద్దరం ఒకే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళున్నాం. వీధిలో కనిపిస్తే అటువైపు దాటేసేవాణ్ణి. మంచివాడే. పోయినప్పుడు కూడా నేను వెళ్ళలేదు."

ఆయన ఇంగ్లీషు ఆ రోజు మాత్రం ఒక్క ముక్క కూడా జారిపోకుండా అర్థమైంది నాకు. ఓదార్చాలని కూడా తోచలేదు. నా గోల నాది. ఫోన్ కార్డు కొని మరీ మా అత్తగారికి చెప్పిందేమిటి? పులిహోర వడ్డిస్తూ ఊరందరికీ చాటిందేమిటి? అయ్యా, నేను ఈ ఊళ్ళో అందరికంటే చేతకానిదాన్ని, వచ్చి చూడండి అని.

ఇంటికెళ్ళేసరికి నా తోడికోడలు వంకాయలు తరుగుతోంది. "ముందు పంపేది నెమ్మదైనవాళ్ళనని నీకు తెలుసా?" అన్నాను.

కత్తి ఆపింది. "తెలుసక్కా."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. క్లబ్బు కాగితం మీద రాసుంది."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మీరు అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పనక్కా? చెబ్దామని రెండుసార్లు వచ్చా. ఒకసారి మీరు అత్తయ్యగారితో ఫోన్లో ఉన్నారు."

మజ్జిగ ఎందుకు పొలమారిందో అప్పుడు తెలిసింది నాకు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నారు. మన పెద్దవాళ్ళు ఉత్తినే అనలేదు. ఫ్రిజ్ మీద కాగితం చింపేశాను. తను వంకాయలు ఉప్పునీళ్ళలో వేసి, నెమ్మదిగా, "సారీ అక్కా," అంది. ఆ సారీ కూడా నాకు చురుక్కుమంది.

మానేద్దామా అనుకున్నాను. కాలు బెణికిందనొచ్చు. కానీ వాళ్ళు వచ్చే నెల ఆక్లండ్ వెళ్ళిపోతున్నారు. మా మరిదికి అక్కడ పెద్ద ఉద్యోగం వచ్చింది, అక్కడే ఫ్లాట్ బుష్ అనే పేటలో కొత్త ఇల్లు మాట్లాడుకున్నారు. మేమింకా అద్దె ఇంట్లోనే ఉన్నాం. ఇంక ఈ పిల్లని నేను దేన్లోనైనా గెలిచే అవకాశం ఇదొక్కటే. పావుగంట నా చేతిలో ఉంది. జాలిపడి ఇచ్చారా, లెక్కేసి ఇచ్చారా అని చూడదలుచుకోలేదు. దానికంటే ముందు గీత దాటాలి, మా ఆయన చూస్తుండగా, మా మరిది చూస్తుండగా, పులిహోర తిన్నవాళ్ళందరూ చూస్తుండగా. అంతే.

తనకి కావలసింది వేరే. ఆడవాళ్ళలో తక్కువ సమయంలో తొక్కినవాళ్ళకి ఒక చిన్న కప్పు ఇస్తారు. అది నీకు రావచ్చని పెద్దాయన అన్నారట. "కొత్తింట్లోకి పట్టుకెళ్తా," అని మా మరిదితో అంటుంటే విన్నాను.

ఆదివారం పొద్దున్న అందరం రెండు కార్లలో కొండ దాటి వెళ్ళాం. గాలి అప్పటికే లేచింది. మైదానంలో గడ్డి అంతా ఒకవైపే పడుకుంది. మా గుంపులో ఐదుగురం. ఇద్దరు అమ్మమ్మలు, ఒక లావుపాటి రైతు, ఒక టీచరమ్మ, నేను. పెద్దాయన గడియారం చూసి చెయ్యి దించారు, కదిలాం. వెనక మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను తలెత్తలేదు.

వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి. అమ్మమ్మలు ముచ్చట్లాడుకుంటూ, వంతులేసుకుంటూ, ఒకేలా తొక్కుతున్నారు. నాకు ఓర్పు లేదు. ఇంత సుఖంగా వెళ్తుంటే ఇంకో ఐదు నిమిషాలు కూడబెట్టుకోవచ్చు కదా అనిపించింది. పెద్దాయన చెప్పినదంతా గాలికొదిలేసి, వాళ్ళని వదిలి ముందుకెళ్ళిపోయాను. "అమ్మాయ్, తరవాత మేం కావాలి నీకు," అని ఒకావిడ వెనక నుంచి అరిచింది. నలభయ్యో కిలోమీటరు దాకా రాణిలా తొక్కాను.

అక్కడ దారి తిరిగింది. గాలి మొహానికి వచ్చింది. ఎవరో గుండె మీద అరచెయ్యి పెట్టి నెట్టినట్టే ఉంది. గేర్లన్నీ అయిపోయాయి. నా పక్కన కంచె అవతల ఒక గొర్రె నడుస్తోంది, అది నాకంటే పెద్ద వెనకబడలేదు. పావుగంట తరవాత అమ్మమ్మలు, రైతు, టీచరమ్మ వరసగా వచ్చారు. "వెనక చేరు," అన్నారు. చేరాను, నాలుగు నిమిషాలు కూడా నిలవలేకపోయాను. అప్పటికే అంతా ఖర్చైపోయింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంకో కాసేపటికి తన గుంపు వినిపించింది. నలుగురు. తను రెండోదిగా ఉంది. నన్ను చూసి పక్కకి జరిగి, "అక్కా, నా వెనక పట్టుకోండి," అంది.

నాలుగేళ్ళ పిల్లకి కూడా అర్థమయ్యే సంగతి అది. వెనక చేరితే గాలి తగలదు. కానీ ఆ క్షణంలో నాకు సైకిళ్ళు కనపడలేదు. పెళ్ళిలో, పేరంటంలో, గుళ్ళో, ఎక్కడైనా నా వెనక అది నడవాలి. దాని వెనక నేనా? నేను పక్కనే తొక్కాను, గాలిలోకి, పట్టుదలగా. నూరు గజాలు వచ్చుంటాను. కాళ్ళు రెండూ ఒకేసారి బిగుసుకుపోయాయి. వాళ్ళు ముందుకి సాగిపోయారు. నేను తల దించుకుని, ఏడుస్తూ, సైకిలు దిగకుండా ఉండటం ఒక్కటే చేశాను.

తలెత్తేసరికి తను వెనక్కొస్తోంది. తొక్కడం మానేసి, గుంపుని వదిలేసి, గాలి నెడుతుంటే నా దాకా జారింది.

"నువ్వెళ్ళు," అన్నాను.

"వెళ్ళనక్కా."

"కప్పు పోతుంది నీకు."

"పోనీండి. మిమ్మల్నిలా వదిలేసి నేనేం మొహం పెట్టుకుని వెళ్ళను? రండి వెనక్కి."

ఈసారి చేరాను. ఇంక పరువు చూసుకునే ఓపిక లేదు. చేరగానే చెవుల్లో హోరు తగ్గింది. దాని వీపు తప్ప ఇంకేం కనపడటం లేదు. జడ చొక్కాలోకి దోపుకుంది, వెన్ను మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు అలా లాగింది నన్ను. ఒక్కసారి కూడా వంతు మార్చమని అడగలేదు. నేనూ ఇస్తాననలేదు. మొదట్లో ఇవ్వలేక ఇవ్వలేదు. తరవాత్తరవాత కాళ్ళల్లోకి ప్రాణం వచ్చింది, అయినా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు బాగా తెలుసు, ఇప్పుడు నంగనాచిలా తెలియదనను. చివర్లో పనికొస్తుందని దాచుకున్నాను.

దూరంగా జెండాలు కనిపించాయి. మావాళ్ళు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, మా ఆయన కెమెరా పట్టుకున్నారు. చాలామంది అప్పటికే వచ్చేశారు, మాకు మిగిలింది ఏ పదిహేనో స్థానమో. దాంతో నాకు పని లేదు. తను కొంచెం వెనక్కి తిరిగి నవ్వి, "వచ్చేశాం అక్కా," అంది. ఆ తిరగడంలో వేగం తగ్గింది. నేను పక్కకి తప్పుకుని, సీటు మీంచి లేచి, ఉన్నదంతా పెట్టి తొక్కేశాను. ఒక చక్రం తేడాతో దానికంటే ముందు గీత దాటాను.

మావాళ్ళు ఈలలు వేశారు. "ఆంటీ గెలిచారు," అన్నారు కుర్రాళ్ళు. మా ఆయన పరుగెత్తుకొచ్చి, "భలేదానివే," అన్నారు, పెళ్ళయిన పన్నెండేళ్ళకి. నేను నవ్వుతున్నాను. సంతోషంగానే ఉంది, అది దాచి లాభం లేదు. రెండు మూడు నిమిషాల పాటు నాకు బ్రహ్మాండంగా ఉంది.

పెద్దాయన బల్ల దగ్గర కాగితాలు పెట్టుకుని కూర్చున్నారు. సమయాలు రాయించుకోడానికి ఇద్దరం వెళ్ళాం. ఆయన నా తోడికోడలి మొహం చూశారు. గాలికి కళ్ళు ఎర్రబడి, పెదాలు పగిలి, బుగ్గల మీద ధూళి చారలున్నాయి. తరవాత నా మొహం చూశారు. నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు, ఆయన చూసిన తీరుని బట్టి తెలిసింది.

"తిరిగొచ్చేటప్పుడు గాలిలో ముందు ఎవరున్నారు?" అన్నారు.

"వంతులేసుకున్నాం," అన్నాను. ఇంగ్లీషులో నేను అంత గబుక్కున జవాబు చెప్పడం అదే మొదటిసారి.

ఆయన నన్ను వదిలేసి దాని వైపు చూశారు. తను సీసా ఎత్తి నీళ్ళు తాగుతోంది. తాగడం ఆపి, మూతి తుడుచుకుని, తలూపింది. "అవును, వంతులేసుకున్నాం. అక్కే ఎక్కువసేపు లాగింది," అంది.

పెద్దాయన రెండు పేర్ల ఎదురుగా అంకెలు వేసి కాగితం తిప్పారు. ఆ కప్పు తనతో పాటు వచ్చిన గుంపులో ఒకమ్మాయికి వెళ్ళింది, ఆ అమ్మాయికి చప్పట్లు కొట్టినవాళ్ళలో నా తోడికోడలు కూడా ఉంది.

తిరుగు దారిలో మేమిద్దరం కారు వెనక సీట్లో కూర్చున్నాం. ముందు అన్నదమ్ములిద్దరూ నా గెలుపు గురించి మాట్లాడుకుంటున్నారు. కొండ ఎక్కుతుండగానే తను నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను చేసింది దానికి తెలుసు. దానికి తెలుసని నాకు తెలుసు. నన్నెవరైనా అలా ఆఖరి నిమిషంలో దాటేసి, ఆపైన అబద్ధమాడితే, అందరి ముందూ కడిగేసేదాన్ని, ఊళ్ళో ఫోన్ కార్డులన్నీ కొనేదాన్ని. తలూపేదాన్ని కాదు. ఆ అబద్ధానికి ఇంకో రెండు మాటలు కలిపి ఇచ్చేదాన్ని అసలే కాదు. దాని తల బరువుగా ఉంది, నా భుజం తిమ్మిరెక్కింది, అయినా జరపలేదు. అలాగని నాలో ప్రేమ పొంగుకొచ్చిందని అనుకోకండి. ఈ గుణం కూడా దీనికే ఉండాలా అని కుళ్ళుకుంటూ, కొండ దిగేదాకా కదలకుండా కూర్చున్నాను.